ఆకు కొసన మెలిక

నేను డాక్టర్ను కాదు. జగిత్యాల దిక్కు సర్కారు దవాఖానలల్ల ఫార్మసిస్టుగ పనిచేసి రిటైరైనోన్ని. కిటికీల నుంచి చీటి తీసుకునుడు, గోలీలు ఇచ్చుడు, పొద్దుగాల ఏది మింగాలె, మాపటికి ఏది మింగాలె అని చెప్పుడు, గంతే నా పని. కానీ కొలువుల చేరినప్పటి సంది నాకొక అలవాటు ఉండె. ఎవలు వచ్చినా మందు చేతిల పెట్టేముందు, "ఈడికి రాకముందు ఇంటికాడ ఏం వాడిన్రు?" అని అడిగేటోన్ని. అది నా పని కాదు. ఊకె తెలుసుకోవాలెనని, గంతే.

గట్ల అడుగంగ అడుగంగ మా చుట్టుపక్కల అడవంతా నా కిటికీ కాడికి నడిచొచ్చింది. సారంగాపూర్ దిక్కు ముసలాయన ఒకాయన కడుపు కట్టేసినప్పుడు రేలకాయ గుజ్జు నానేసుకొని తాగుతనని చెప్పిండు. కథలాపూర్ నుంచి వచ్చిన ఒక తల్లి, పిలగాని కడుపుల పురుగులు పడాలెనని మోదుగ గింజలు నూరి ఇచ్చిన అన్నది. జ్వరానికి నేలవేము కషాయం తాగి, అది తగ్గకపోతేనే మా దగ్గరికి వచ్చేటోళ్ళు మస్తు మంది. కాలు బెణికితే నల్లజీడి రసం పెట్టుకున్న ఒకాయన, తోలు కాలి పుండైనంక వచ్చిండు. "బెణుకు పోయింది సారూ, గీ పుండు ఒక్కటే పోతలేదు" అన్నడు. బెణుకు పోయినందుకు ఆయన సంబురంగనే ఉన్నడు.

ఇవన్ని నాకు చెప్తరు గని డాక్టర్లకు చెప్పరు. చెప్తే తిట్లు పడుతయని భయం. ఆకు పసరు తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవా అని ఒకసారి తిట్టించుకున్నోడు మల్ల జన్మల నోరిప్పడు. కొత్తగ ఈ కొలువులకు వచ్చిన పిల్లలు ఎవలన్న అనుభవం చెప్పుమంటే నేను గీ ఒక్క కేసే చెప్త. దీంట్ల నా గొప్పతనం ఏం లేదు. ఒక్క తీరుగ అడిగితే చెప్పని మనిషి ఇంకో తీరుగ అడిగితే చెప్పిండు, గదే సంగతి.

మిర్గం కార్తె ఎల్లింది. వానలు బాగనే పడ్డయి, గుట్టలు పచ్చగైనయి. ఒకనాడు పొద్దుగాల ఒకాయనను ఆటోల ఏసుకొని దవాఖానకు తీసుకొచ్చిన్రు. ముప్పై ఏండ్లు ఉంటయేమో. సిరిసిల్లల మరమగ్గాలు నడుపుతడు. ఊరేమో కొడిమ్యాల అవతల, గుట్ట కింద. సెలవు పెట్టి ఇంటికి వచ్చి నాలుగు రోజులు కాకముందే వాంతులు, విరేచనాలు మొదలైనయట. గొంతు మండుతున్నదని చెయ్యి పెట్టి చూపెడుతున్నడు. బియ్యం కడిగిన నీళ్ళలెక్క పోతున్నది. వెంట వాళ్ళ అన్న ఉన్నడు. అన్న ఎనుక నాలుగడుగుల దూరంల ఆయన పెండ్లాం నిలబడ్డది.

ఆమెది కోరుట్ల. బీడీలు చేసి చేసి వేళ్ళ కొసలు పొగాకు రంగు పట్టి ఉన్నయి. ఆ వేళ్ళతోనే కొంగు పట్టుకొని నిలబడ్డది తప్ప మంచం దగ్గరికి పోలేదు. తర్వాత తెలిసింది, అన్న పోనియ్యలేదని.

డ్యూటీల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసామె. కోస్తా దిక్కు నుంచి ఆ ఏడే వచ్చింది. "ఏం తిన్నారండీ?" అని అడిగింది. ఆయన తల అడ్డంగ ఊపిండు. అన్న జవాబు ఇచ్చిండు.

"ఏం తిన్నడో మాకేం ఎరుక మేడం. వండి పెట్టింది గామె."

వానకాలం వచ్చిందంటే మాకు పురుగుల మందు తాగిన కేసులు వస్తనే ఉంటయి. ముందుగాల డాక్టరమ్మ అదే అనుకొని దానికి ఇచ్చే సూదిమందు తెమ్మని నాకు కబురు చేసింది. నేను ఉరికిన. నేను పోయేటాలకు ఆమె ఆయన కండ్లల్ల లైటు ఏసి చూసి, అంగి వాసన చూసి, నా దిక్కు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ. ఇది పురుగుల మందులా లేదు."

నేను ఊకోకుండ నా తెలివి చూపెట్టిన. "అడవాముదం గింజలు తిన్నా గిట్లనే అయితది మేడం" అన్న. ఆ గింజలు కంచెల పొంటి దొరుకుతయి, పిల్లలు పల్లికాయల లెక్క నములుతరు. డాక్టరమ్మ ఆ మాట పట్టుకొని అన్నను అడిగింది, ఊరికి ఫోన్లు చేయించింది. వాళ్ళ దిక్కు ఆ కంచెలే లేవని తేలింది. ఆ పూటంతా నా గింజల చుట్టే తిరిగినం. అవి కావు.

విషం అనుమానం ఉంటే పోలీసోళ్ళకు చెప్పాలె, అది పద్ధతి. కానిస్టేబుల్ వచ్చిండు. వార్డు బయట, అందరు వినంగనే అన్న మొదలుపెట్టిండు.

"మొన్ననే ఇద్దరు కొట్లాడిన్రు సారు. లగ్గమై ఆరేండ్లాయె, పిల్లలు లేరు. ఆమెకు మా ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు. ఏం కలిపిందో ఏమో."

కానిస్టేబుల్ ఆమె దిక్కు తిరిగి, "ఏమ్మా?" అన్నడు.

"అందరం ఒక్క కుండల అన్నమే తిన్నం" అన్నది ఆమె.

"గదే నేను అడుగుతున్న. అందరు తింటే వానికి ఒక్కనికే ఎందుకైంది?" అన్నడు అన్న.

నేను అప్పుడు వార్డు లోపల సెలైన్ సీసాలు పెడుతున్న. మంచం మీది మనిషి కండ్లు మూసుకొని ఉన్నడు గని రెప్పల కింద గుడ్లు కదులుతున్నయి. బయట మాటలన్ని ఆయనకు వినబడుతున్నయి. విని సుత నోరు మెదుపుతలేడు. ఈయన ఏదో దాస్తున్నడని నాకు అప్పుడే అనుమానం తగిలింది.

తర్వాతి దినాల్ల వాంతులు తగ్గినయి. అన్న ఇగ ఇంటికి తోలుకపోత అన్నడు. డాక్టరమ్మ ఒప్పుకోలే. దానికి కారణం మా ల్యాబ్ టెక్నీషియన్. ఆయన కోరుట్ల మనిషి. వాళ్ళ ఇంట్ల తాతల కాలం నుంచి మూలికల దుకాణం ఉన్నది. ఆయన మాత్రం దుకాణంల కూసోకుండ రక్తం పరీక్షలు నేర్చుకొని సర్కారు కొలువు పట్టిండు. రిపోర్టు చేతిల పట్టుకొని నా కిటికీ కాడికి వచ్చిండు.

"కడుపు ఖరాబైతే రక్తం గిట్ల ఎందుకు పడుతది భాయ్? తెల్ల కణాలు దినదినం దిగుతున్నయి. రెండుసార్లు చేసి చూసిన, గంతే వస్తున్నది."

ఇద్దరం పోయి డాక్టరమ్మకు చూపెట్టినం. ఆమె చాలాసేపు చూసింది. "ఏదో లోపల ఇంకా పని చేస్తూనే ఉంది. ఈ రోజే పెద్దాసుపత్రికి పంపిస్తాను. కానీ అదేంటో తెలిస్తే వాళ్ళకి ఏం కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది. లేకపోతే వాళ్ళూ మొదట్నుంచీ వెతుక్కోవాలి" అన్నది. అని నా దిక్కు చూసి, "మీతో అందరూ మాట్లాడతారు కదా. ఒకసారి ప్రయత్నించండి" అన్నది.

అన్న చాయ తాగనీకి బయటికి పోయినప్పుడు నేను లోపలికి పోయిన. స్టూల్ గుంజుకొని మంచం పక్కన కూసున్న. ఏం తిన్నవని అడగలేదు. ఆ ప్రశ్న అప్పటికే వందసార్లు విన్నడు. నా మోకాలు ఒత్తుకుంట, "మీది గుట్ట కింది ఊరట గదా. నాకు గీ మోకాళ్ళ నొప్పులు పానం తీస్తున్నయి. మీ గుట్ట మీద ఏదన్న మంచి గడ్డ దొరుకుతదా?" అన్న.

ఆయన కండ్లు తెరిచిండు. నా మోకాలు దిక్కు చూసిండు. పెదవులు ఎండిపోయి ఉన్నయి, మాట మెల్లగ వచ్చింది.

"గడ్డల జోలికి పోకుండ్రి సారూ."

ఆ మాట అన్నంక ఏమన్నడో ఆయనకే సమజైంది. మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు. నేను లేవలేదు. జరసేపటికి ఆయనే మెల్లమెల్లగ చెప్పుకొచ్చిండు. సిరిసిల్లల మగ్గం కాడ తోటి పనోడు చెప్పిండట, తెల్ల ముస్లి తింటే మగోళ్ళకు బలమని, పిల్లలు అయితరని. దుకాణంల కొంటే అందరు ఎందుకని చూస్తరు. ఫోన్ల బొమ్మ చూసుకొని, ఇంటికొచ్చినప్పుడు గుట్ట మొదట్ల తనే తవ్వుకున్నడు. తెల్లగ కండపట్టి ఉన్నది, అదే అనుకున్నడు. ఎవలు చూడకుండ బెల్లంతోని నమిలి మింగిండు. మిగిలింది కొట్టం చూరుకు చెక్కిండు.

"డాక్టరమ్మకు చెప్పుండ్రి సారూ. మా అన్నకు మాత్రం చెప్పకుండ్రి. ఆమెకు సుత."

కోపానికి తర్వాత టైం ఉంటది, ముందుగాల ఆ గడ్డ ఏందో తెలియాలె.

టెక్నీషియన్‌కు చెప్తే ఆయన వెంటనే, "ముస్లి తింటే గిట్ల కాదు భాయ్. చిన్నప్పుడు మా దుకాణంల నేనే దంచిన. సన్న వేళ్ళు గుత్తిగ ఉంటయి. కండపట్టిన గడ్డ అన్నడంటే అది వేరేదే" అన్నడు. ఏదో తెలియాలంటే కండ్లతోని చూడాలె. ఆయనకు పాత కారొకటి ఉన్నది. కొట్టంలకు పోవాలంటే ఇంటి మనిషి ఉండాలె. అన్నను తోలుకపోతే సంగతి బయటపడుతది. అందుకని ఆయన పెండ్లాన్ని అడిగినం, ఏదో గడ్డ తిన్నడు, మిగిలింది కొట్టంల ఉన్నదని మాత్రం చెప్పి. వాళ్ళమ్మ సుత కోరుట్ల నుంచి వచ్చి ఉన్నది. తల్లీబిడ్డలు ఎనుక సీట్ల కూసున్నరు.

దారిల ఆమె ఒక్కటే అడిగింది. "ఏం గడ్డ సారూ? ఎందుకు తిన్నడు?"

"మోకాళ్ళ నొప్పులకట" అన్న.

అద్దంల ఆమె నా దిక్కు చూసింది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు లేవని ఆమెకంటే ఎక్కువ ఎవలకు తెలుసు?

కొట్టంల చూరుకు చెయ్యి పెట్టి ఆమెనే తీసింది. పాత గుడ్డపేలికల చుట్టి ఉన్నది. ఒకదిక్కు కోసిన గడ్డ, నాగలి తీరుగ వంకర తిరిగి ఉన్నది. ముట్టుకొని చూసి చప్పున గుడ్డతోని సహ కింద పెట్టింది. తల్లి దిక్కు చూసింది. తల్లి వంగి చూసి, "నాభి" అన్నది. "అడవి నాభి. నోట్లె పెట్టుకునేది గాదు బిడ్డా అది."

వాళ్ళది ఎండకాలం వస్తే తునికాకు కోతకు పోయే ఇల్లు. ఆకు కోసుకుంట గుట్టలెంబడి తిరిగినోళ్ళు. నాకు నమ్మకం కుదిరింది గని ఎండిన ముక్కను చూసి ఒక పేరు చెప్పి మనిషి ప్రాణం దాని మీద పెట్టుడు ఎట్ల? మొక్క చూడాలెనన్న. ఆమె ముందట నడిచింది. కొట్టం ఎనుక నుంచి గుట్ట మొదటిదాక పొదలే పొదలు. కొత్తగ తవ్విన గుంత కనబడ్డది. దాని పక్కనే అసోంటిదే ఇంకో మొక్క, మోకాలెత్తు పెరిగి పక్క పొదను పట్టుకొని పైకి పాకుతున్నది. పువ్వు ఇంక రాలేదు. పువ్వు వస్తే ఎవలైనా గుర్తుపడుతరు, మంట లెక్క ఎర్రగ పసుపుగ ఉంటది. ఆమె ఒక ఆకు కొస పట్టుకొని నాకు చూపెట్టింది.

"గిది చూడుండ్రి. ఆకు కొసన మెలి తిరుగుతది. గీ మెలికతోనే పక్క చెట్టును పట్టుకుంటది. ఇంక ఏ గడ్డకు గిట్లుండది."

నేను కూసోని ఆ ఆకును చాలాసేపు చూసిన. తీగలకు వేరేగ నులితీగ ఉంటదని చదువుకున్న. ఇది ఆకు కొసనే సన్నగ చేసి, చూపుడువేలు వంచినట్టు వంచి, పక్క కొమ్మకు చుట్టింది. ఏండ్ల తరబడి గీ గుట్టల పక్క దారిల బస్సుల పోయిన. ఒక్కనాడు దిగి చూడలేదు.

"మరి దీన్ని దేనికి వాడుతరు?" అని అడిగిన. ఆ టైంల సుత నా అలవాటు పోలేదు.

"ఎడ్ల పుండుకు పురుగు పడితే నూరి పెడుతరు. తేలు కుట్టినకాడ పూస్తరు" అన్నది ఆమె.

"కాన్పు కష్టమైతే అరికాళ్ళకు పూసేది మా అమ్మ. బిడ్డ భూమ్మీద పడంగనే కడిగేసేది. పూసినోళ్ళు సుత చేతులు మల్ల మల్ల కడుక్కునేటోళ్ళు" అన్నది తల్లి.

పూసినా మంచిది కాదనే డాక్టర్లు అంటరు, నేను సుత గదే చెప్త. కానీ అది లోపలికి పోవద్దన్న సంగతి మాత్రం ఆ ఇంట్ల అందరికి ఎరుకే. టెక్నీషియన్ ఫోన్ల ఫోటోలు తీసిండు, ఆకుది ఒకటి, గడ్డది ఒకటి, గుంతది ఒకటి. జర ఎత్తుకు ఎక్కి సిగ్నల్ దొరకవట్టి డాక్టరమ్మకు పంపిండు.

ఆమె ఆకును ఇంక చేతిల పట్టుకొనే ఉన్నది. "నన్ను అడిగితే నేనే చెప్తుంటి గదా" అన్నది. నాతోని అన్నట్టు లేదు, ఆకుతోని అన్నట్టున్నది. మల్ల నా దిక్కు తిరిగి, "పిల్లల కోసమేనా?" అన్నది.

నేను గుంత దిక్కు చూసిన. ఆమె ఆకు పడేసి చేతులు కడుక్కునేటందుకు బోరింగు దిక్కు నడిచింది.

మేము తిరిగొచ్చేటాలకు డాక్టరమ్మ పెద్దాసుపత్రితోని మాట్లాడి ఉన్నది. దీనికి విరుగుడు సూది లేదట. ఏం జరుగుతదో ముందే ఎరుకైతే రక్తం కనిపెట్టుకొని, జ్వరం రాకముందే మందులు మొదలుపెట్టి మనిషిని నిలబెట్టొచ్చట. "జుట్టు కూడా మొత్తం ఊడిపోవచ్చు. భయపడకండి, మళ్ళీ వస్తుంది" అని ముందే చెప్పింది.

అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ మీద పండబెట్టిన్రు. అన్న ఉన్నడు, కానిస్టేబుల్ సుత ఉన్నడు. ఆమె మొదటిసారి దగ్గరికి వచ్చి స్ట్రెచర్ అంచు పట్టుకున్నది. అన్న ఏదో అనబోతే నేను ఆయన భుజం మీద చెయ్యేసిన.

"నువ్వే చెప్పు" అన్నది ఆమె.

ఆయన తల జరంత లేపిండు. "నేనే తిన్న. గుట్టకాడ గడ్డ తవ్వుకొని తిన్న. ఆమెకేం తెల్వదు" అన్నడు.

"గడ్డనా? ఎందుకు తిన్నవ్‌రా?" అన్నడు అన్న.

ఎదురుంగ అన్న, పోలీసు, దవాఖాన మనుషులు, చూడొచ్చిన ఊరోళ్ళు. ఆయన చెవులు ఎర్రగైనయి.

"మోకాళ్ళ నొప్పులకు" అన్నది ఆమె. "మగ్గం కాడ పొద్దందాక నిలబడుడే గదా."

నేను, టెక్నీషియన్ ఒకల మొకం ఒకలం చూసుకున్నం. ఇన్ని దినాలు ఆయన ఆమె మీద మాట పడుతుంటే విన్నడు. ఆమె మాత్రం ఆయన మీద మాట పడకుండ అడ్డం నిలబడ్డది. కానిస్టేబుల్ రాసుకొని పోయిండు. అన్న అంబులెన్స్‌ల ఆమె కూసోనీకి పక్కకు జరిగిండు.

ఆయన బతికిండు. చాలా దినాలు పట్టింది. జుట్టు డాక్టరమ్మ చెప్పినట్టే ఊడిపోయింది, కనుబొమలతోని సహ. వానలు ఎనుకకు పట్టినంక ఒకనాడు టోపీ పెట్టుకొని నా కిటికీ కాడికి వచ్చిండు. అప్పుడు అడిగిన, మనసుల ఉంచుకున్న మాట.

"ఆమెను అందరు అన్ని మాటలు అంటుంటే ఎట్ల ఊకున్నవ్?"

"చస్త అనుకున్న సారూ" అన్నడు. "చచ్చినంక అందరు గదే చెప్పుకొని నవ్వుతరని..."

"నువ్వు చస్తవు. మరి ఆమె బతికి ఉంటది గదా."

తల దించుకున్నడు. ఆమె పెద్దాసుపత్రిల ఉన్నన్ని దినాలు పక్కనే ఉండి అన్ని చేసి, ఆయన లేచి నడిచినంక కోరుట్లకు తల్లిగారింటికి పోయిందట. రాను అనలేదట, వస్త అనలేదట. సెలవు దొరికినప్పుడల్లా సిరిసిల్ల నుంచి కోరుట్లకు పోయి, వాళ్ళు బీడీలు చుట్టుకుంట కూసుంటే ఆయన అరుగు మీద కూసోని వస్తున్నడట. ఏం మాట్లాడుతవయ్యా అంటే, "మొదటిసారి చాయ ఇయ్యలేదు. పోయినవారం ఇచ్చింది" అన్నడు.

తర్వాత చలికాలం ఒకనాడు ఇద్దరు కలిసి వచ్చిన్రు. పిల్లలు కాకపోతే ఇద్దరు పరీక్షలు చేయించుకోవాలె, ఒక్కరిది కాదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పి ఉండె. ఆమె రక్తం ఇచ్చి బెంచి మీద కూసున్నది. ఆయన ల్యాబ్ కిటికీ కాడ లైన్ల నిలబడ్డడు. తల మీద జుట్టు కొత్తగ, చిన్న పిల్లలకు వచ్చినట్టు మెత్తగ మొలిచి ఉన్నది.

కిటికీ లోపల కొత్తగ వచ్చిన అమ్మాయి కూసున్నది. చీటి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. డాక్టర్ల రాత సంగతి మీకు తెలుసు గదా. "ఏం పరీక్ష ఇది?" అని పెద్దగ అడిగింది.

లైన్ల ఆయన ముందు మంది, ఎనుక మంది. టెక్నీషియన్ లోపలినుంచి లేవబోయిండు. నేను నా కిటికీల చీటి పట్టుకొని అట్లనే ఆగిపోయిన.

"పిల్లలు అయితరో లేదో చూసే పరీక్షమ్మా" అన్నడు ఆయన. "మగోళ్ళది. నాకే."

ఎనుక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆయన దిక్కు చూసిన్రు. ఒకడు నవ్వినట్టున్నడు గని మిగతావాళ్ళకు వాళ్ళ వాళ్ళ రోగాలే ఎక్కువాయె. అమ్మాయి రాసుకొని డబ్బీ చేతికిచ్చింది.

వాళ్ళకు పిల్లలు అయిన్రా అని నన్ను చాలామంది అడుగుతరు. నాకు తెల్వదు. రిపోర్టులు రాకముందే నేను రిటైరైన. నాకు ఎరుకైంది ఒక్కటే. ఆయన డబ్బీ పట్టుకొని తిరిగేటాలకు, ఆమె బెంచి మీద పెట్టుకున్న సంచి తీసి ఒళ్ళె పెట్టుకున్నది. ఆయన పోయి ఆ జాగల కూసున్నడు.